సున్నా పడిన నెల

నూకరత్నం అట్టు తిరగేస్తుండగా గోడమీది పలకలోంచి కోర్టు ఆర్డరు నోరు విప్పింది. "ఈ నెల మీ అమ్మాయి లాస్య పోషణకు తండ్రి ఇవ్వవలసింది సున్నా. ఆయన పని పోయింది. మీకు అభ్యంతరమా?"

విడాకుల నాడు సత్తిబాబు పట్టుబట్టి రాయించిన వాక్యమది: తన సంపాదనను బట్టి, పిల్ల అవసరాన్ని బట్టి ఆర్డరు తనంతట తానే మారాలని. ఇప్పుడు అందరి ఆర్డర్లూ అంతే, తామే మారతాయి, తామే మాట్లాడతాయి. వచ్చే వారం కట్టాల్సిన స్కూలు ఫీజు గుర్తొచ్చింది ఆమెకు. వెంటనే అతనికి ఫోన్ చేసింది.

"పని పోతే నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా?"

"ఏ మొహం పెట్టుకుని చెప్పమంటావు రత్నం?"

ఆ గొంతు విన్నాక కోపం నిలవలేదు. "రేపట్నుంచి నేను తెల్లారుజాము షిఫ్టు కూడా పట్టుకుంటాను, ఫీజు గట్టెక్కుతుంది. నువ్వొచ్చి పిల్లని బడికి తయారుచెయ్యి. టిఫిను ఇక్కడే తిను."

"పిల్లను చూసుకోవడాన్ని డబ్బుకు బదులు ఆయన వంతుగా రాసుకోమంటారా?" అని అడిగింది ఆర్డరు.

"రాసుకో."

మర్నాడు షిఫ్టు ముగించుకుని వస్తుంటే, బడికి వెళుతున్న లాస్య వీధి మలుపులో ఎదురైంది. ఒక జడ చెవి పక్కన, ఇంకొకటి నడినెత్తిన. "నాన్న వేశాడు!" అంది గర్వంగా.

నూకరత్నం చెయ్యి అలవాటుగా రిబ్బను మీదికి వెళ్ళింది. విప్పలేదు. ఊడిపోతుందేమోనని ఇంకాస్త బిగించింది.