ఎనిమిది కిలోల ఆవిరి

"కాగితంలో పన్నెండు కిలోలని ఉంది. తూకంలో నాలుగే వస్తోంది. మిగతా ఎనిమిది కిలోలు ఎవరు మింగేశారమ్మా?" అన్నాడు కస్టమ్స్ అధికారి, కాటా మీదున్న థర్మాకోల్ పెట్టెను తడుతూ.

"ఎవరూ మింగలేదు. అది సరుకుని చల్లగా ఉంచే డ్రై ఐస్. మీ గోదాములో వేడికి ఆవిరైపోయింది," అంది పరిశోధకురాలు.

"నా సర్వీసులో ఆవిరైపోయిన సరుకులు చాలా చూశాన్లెండి."

"లోపలున్నది జ్వరం పరీక్ష కోసం తెప్పించిన ఎంజైము. చల్లగా లేకపోతే పాడైపోతుందని, త్వరగా విడిచిపెట్టమని పోయిన వారమే మీ కాళ్ళావేళ్ళా పడ్డాను."

"పాడైతే నాకేం, బాగుంటే నాకేం? బరువు కలవందే ముద్ర పడదు."

ఆమె తనతో వచ్చిన ల్యాబ్ డైరెక్టర్ వైపు చూసింది. ఆయన గొంతు సవరించుకుని బయటికి నడిచారు. పైవాళ్ళకి ఫోన్ చేసి వీడి తిక్క కుదురుస్తారనుకుంది.

ఆయన ఇటుకలు పట్టుకొచ్చారు. రుమాలుతో దుమ్ము తుడిచి, ఎంజైము సీసాల పక్కన ఒద్దికగా సర్దారు. ముల్లు పన్నెండు దగ్గర ఆగింది.

అధికారి ముఖం వికసించింది. ముద్ర పడింది.

"హమ్మయ్య! సరుకు అందిందని పైకి రాసెయ్యమ్మా," అన్నారు డైరెక్టర్.

"ఎంజైము చచ్చిపోయింది సార్."

"చచ్చిందా అని ఎవరడుగుతారు? వచ్చిందా అనేగా అడిగేది!"

ఆ ఎంజైము కోసం ఇన్నాళ్ళూ ఎదురుచూసింది తనొక్కతేనని ఆమెకు అప్పుడర్థమైంది. ఒళ్ళు మండింది.

"అలాగే సార్. మరి ఈ ఇటుకల్ని కూడా ఫ్రీజర్లో పెట్టమంటారా?"

ఆయన నవ్వలేదు.

"పెట్టమ్మా, పెట్టు. ఆడిట్ వాళ్ళొచ్చి మళ్ళీ తూస్తారు."