లేని కంపెనీల వాచీలు

హజ్‌కు పోయేముందు తెలిసినవాళ్లందరినీ మాఫీ అడగడం ఆనవాయితీ. వాచీలు బాగుచేసే ఇబ్రాహీం కరీంనగరంతా తిరిగి, తాను అసలు మోసం చేసిన పోశం ఇంటికి ఆఖరున వచ్చాడు.

"పోశన్నా, ఎవ్వలికీ తెల్వని ఫారిన్ కంపెనీలని ఇరవై ఏండ్ల సంది నా దగ్గర పాత వాచీలు కొంటున్నవు గదా. గా కంపెనీలే లెవ్వు. డయళ్ల మీద పేర్లన్నీ నేనే రాసిన. మాఫ్ చెయ్యి."

పోశం బీరువా తెరిచాడు. నలభై వాచీలు. ఒక్కటీ నడవదు.

"నాకెరుకే. స్విట్జర్లాండ్ల ‘జమాలున్నీసా’ కంపెనీ ఉంటదా? నీ బేగం పేరు నాకు తెల్వదా? ‘లైబా’ నీ మనుమరాలు."

"మరెందుకు కొన్నవ్?"

పోశం పేరు లేని వాచీ ఒకటి తీసి ఇబ్రాహీం చేతిలో పెట్టాడు.

"హాజీవై వచ్చినంక దొంగ కంపెనీలు పెట్టవు. ‘ఇబ్రాహీం’ ఒక్కటే తక్కువున్నది. రాసి పో."