సెల్లార్ కిటికీ

ఇదిగో, నిన్నే! పక్కింటి కిటికీలోకి జన్మలో తొంగిచూడనట్టు ఆ మొహం ఏంటి? నీ సంగతి నాకు తెలీదూ! అందుకే కొరీన్ కథ ముందు నీకే చెప్తున్నా.

కొరీన్ చేతిలో చెత్త సంచీ ఉంది. సంచీలో చెత్త మాత్రం లేదు. ఉత్త సంచీ పట్టుకుని ఆ పూట బయటికి రావడం అది మూడోసారి.

చెత్తడబ్బా, పక్కనే ఉన్న అత్తగారింటి గోడ దగ్గర ఉంటుంది. గోడకి, నేలకి జానెడు ఎత్తున, ఇంటి కిందున్న సెల్లార్ గది కిటికీ. మామగారు ఎల్‌రాయ్ అక్కడిదాకా మంచు ఎత్తిపోసి దారి చేశాడు. ఎవరు పడేశారో, బోర్లించిన బకెట్ కూడా ఒకటుంది. కొరీన్ దాని మీద కూలబడి, టోపీ చెవుల మీదికి లాక్కుని లోపలికి చూసింది.

పోయిన చలికాలం దాకా ఆ కిటికీకి గళ్ళ పరదా ఉండేది. ఉతకడానికి తీశారో ఏమో, మళ్ళీ తగిలించలేదు. ముసలావిడకి మతిమరుపు రావడం మన అదృష్టం అనుకుంది కొరీన్.

లోపల ట్యూబులైట్ల కింద అత్తగారు ఆర్డిస్, ఆవిడ ఆఫ్రికన్ వయొలెట్లు. చిన్న చిన్న కుండీలు, నూగు ఆకులు, ఊదారంగు పూలు. ఏటా ఊళ్ళో ఈ మొక్కల పోటీ జరుగుతుంది. మొదటి బహుమతి నీలం రిబ్బను. ఏటా ఆర్డిస్‌కే.

నిరుడు కొరీన్ కూడా ఓ మొక్క పెట్టింది. దాన్ని చూసి ఓ పెద్దావిడ, "ఇది పోటీకా అమ్మాయ్, సలాడ్‌లోకా?" అంది. హాలు హాలంతా ఒకటే నవ్వు. కొరీన్‌కి ఒళ్ళు మండిపోయింది. "వచ్చే ఏడు మా అత్తనే ఓడిస్తా! ఓడించకపోతే ఏడాదంతా చర్చిలో కాఫీ కప్పులు నేనే కడుగుతా!" అని అందరి ముందూ అనేసింది.

మర్నాడు ఆర్డిస్ తనే వచ్చి, "మొక్క పెంచడం నేర్పిస్తాను, వింటావా?" అంది.

ఓడించాల్సిన అత్తే వచ్చి నేర్పిస్తానంటే నీకైనా అనుమానం రాదూ? పైగా పెళ్ళయిన కొత్తలో అత్త చెప్పిన కొలతలతో యాపిల్ పళ్ళతో 'పై' అనే తీపి రొట్టె చేస్తే ఇటుకై కూర్చుంది. కొలతల్లో ఏదో దాచిపెట్టిందని కొరీన్ ఇప్పటికీ అంటుంది. ఓవెన్ వేడి తనే పెంచేసిన సంగతి మాత్రం ఎత్తదు.

"చల్లటి కుళాయి నీళ్ళు ఆకుల మీద బాగా పొయ్యి," అంది ఆర్డిస్.

"అలాగే అత్తయ్యా."

సాయంత్రం బకెట్ మీద కూచుని చూస్తే ఏముంది? అత్త గోరువెచ్చటి నీళ్ళు, వేలు ముంచి చూసుకుని మరీ, కుండీ కింద పళ్ళెంలో పోస్తోంది. ఆకు మీద చుక్క పడనివ్వట్లేదు.

దొంగ ముసల్ది! అనుకుంది కొరీన్.

"కుండీని కదపకు. దానికి బెంగ," అంది ఆర్డిస్ ఇంకోసారి. కిటికీలోంచి చూస్తే రోజూ కుండీని పావు వంతు తిప్పుతోంది, ఆకులు అన్నివైపులా సమానంగా పరుచుకోవాలని.

"మొగ్గ మీద చెయ్యేశావో, ఊరుకోను," అంది మరో రోజు. ఆ సాయంత్రం కొరీన్ బకెట్ మీంచి జారిపడబోయింది. అత్త తన మొక్కకున్న మొగ్గలన్నీ గిల్లేస్తోంది! పోటీ రెండు నెలల్లో ఉంది.

ఇదేమన్నా ఎత్తా? ఛ, నేను చూస్తున్నానని ఆవిడకేం తెలుసు? ఎవరికోసం నాటకం ఆడుతుంది?

కొరీన్ ఇంటికెళ్ళి తన మొక్క ముందు నిలబడింది. ఉన్నది ఒక్కటే మొక్క. కళ్ళు మూసుకుని గిల్లడం మొదలెట్టింది.

"నీకేమైనా పిచ్చా? పూల పోటీకి బోడి మొక్క తీసుకెళ్తావా?" అన్నాడు మొగుడు.

"మీ అమ్మకి చెప్పావంటే నీకు రాత్రికి అన్నం లేదు," అంది కొరీన్.

పోటీ దగ్గరపడ్డాక ఓ సాయంత్రం, అత్త పౌడర్ బ్రష్‌తో ఆకుల మీద దుమ్ము దులుపుతోంది. పుటుక్కున ఓ ఆకు విరిగింది. ఆర్డిస్ దాన్ని ఏరి, అతుక్కుంటుందేమోనని విరిగినచోట ఆనించి చూసింది. కొరీన్‌కి ఎలాగో అనిపించింది. పోనీలే, మనకి మంచిదే, అని వెంటనే సర్దుకుంది.

"నేను చెప్పినట్టే చేస్తున్నావా?" అనడిగింది ఆర్డిస్ మర్నాడు.

"పొల్లు పోకుండా అత్తయ్యా."

"చేస్తున్నావులే. ఆ ముక్కు చూడు, ఎలా ఎర్రబడిందో! చలిలో ఎక్కువ తిరక్కు."

పోటీ రోజు చర్చి హాలు నిండిపోయింది. పేర్లు కనపడకుండా కార్డులు మడిచిపెట్టారు. కొరీన్ మొక్కకి, గిల్లాక వచ్చిన మొగ్గలన్నీ ఒక్కసారే విచ్చుకుని, నడినెత్తిన పూలకుప్ప పోసినట్టుంది. ఆర్డిస్ మొక్కకి ఓ పక్క ఆకు లేక బోసిగా ఉంది.

కార్డులు విప్పారు. నీలం రిబ్బను కొరీన్‌కి. రెండోదైన ఎర్ర రిబ్బను ఆర్డిస్‌కి.

నిరుటి పెద్దావిడ చెయ్యి కలపడానికొచ్చింది. "సలాడ్‌లోకి కొంచెం కోసివ్వమంటారా?" అంది కొరీన్. తర్వాత అత్త దగ్గరికెళ్ళి రిబ్బను ఆడించింది. "చూశారా అత్తయ్యా! అంతా మీరు చెప్పినట్టే!"

ఆర్డిస్ మొహం వేలాడేసుకుని, కోటు తొడుక్కుని, ఎల్‌రాయ్ చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది.

కార్లో కూచుని, తలుపు వేసుకున్నాక, నవ్వాపుకోలేక కళ్ళు తుడుచుకుంటూ మొగుడితో అంది:

"రేపు ఆ బకెట్ లోపల పెట్టేసి కిటికీకి పరదా తగిలించు ఎల్‌రాయ్, నోటితో చెప్తే వినని పిల్లకి చదువైపోయింది."