మూడు వృత్తాల సంత

"జీపు మాట ఎత్తావంటే చూడు!" అని ఆగ్నెస్ తన ఆడపడుచు డోరిన్ తొడ గిల్లింది.

అప్పటికే రాజధాని మోర్స్‌బీ నుంచి వేంచేసిన ప్రణాళికాధికారి డాక్టర్ కెపాస్, చిలగడదుంపల గుట్టల నడుమ పటం పరిచి, సృష్టిరహస్యం విప్పబోయేవాడిలా గొంతు సవరించుకుంటున్నాడు. ఈ సంత సహజంగా వెలసిందని ఆయన తేల్చితే పైకప్పూ కుళాయీ వస్తాయి. గాలివాటుగా వెలసిందని తేల్చితే అరవైమంది ఆడవాళ్లూ సంచులు మోసుకుని మూడు గంటల దూరం నడిచి కుందియావా పట్నంలో అమ్ముకోవాలి.

వెలసింది గాలివాటుగానే. నాలుగేళ్ల కిందట, చెయ్యి చాస్తే కనబడనంత పొగమంచులో, రెల్లుగడ్డి తప్ప మరేమీ లేని ఈ మలుపులో ఒక జీపు బురదలో దిగబడింది. దాని వెనక పదకొండు లారీలు రోజంతా ఆగిపోయాయి. ఆగ్నెస్ తోటలో దుంపలు తవ్వి, కాల్చి తెచ్చింది. మర్నాడు లారీలు దుంపల కోసమే ఆగాయి. వారానికి అరటిపళ్లావిడ వచ్చింది, నెలకి కోళ్లావిడ.

"ఇక్కడికి రావడం నాకిదే మొదటిసారి," అన్నాడు కెపాస్. "అయినా ఆఫీసులో కూర్చునే చెప్పగలను. మూడు లోయలవాళ్లకీ నడక సమానమయ్యే చోటిది. సంత ఇంకెక్కడా పుట్టడానికి వీల్లేదు!"

ఆయన గీసిన మూడు వృత్తాలూ సరిగ్గా ఆగ్నెస్ పొయ్యి మీద కలుసుకున్నాయి.

"వీల్లేదు సార్," అంది ఆగ్నెస్ భక్తిగా.

"మొట్టమొదట ఇక్కడ అమ్మిందెవరు? ఎందుకు?"

"ఒక జీపు..." డోరిన్ నోరు జారింది.

"జీపులవాళ్లు కూడా ఆగుతారంటోంది సార్. అమ్మింది నేనే. ఎందుకంటారా, కాళ్లు వాటంతటవే ఇటు లాక్కొచ్చాయి."

"అదే సూత్రం!" కెపాస్ పరవశించి, అక్కడికక్కడే కాగితం మీద సంతకం పెట్టాడు.

ఆగ్నెస్ అన్నిటికన్నా పెద్ద దుంప ఏరి ఆయన చేతిలో పెట్టింది. "ఉప్పు చల్లలేదు సార్. మీకు పడదు కదా."

"నీకెలా తెలుసమ్మా?"

"మొహం చూస్తే తెలిసిపోతుంది సార్."

ఒక చంకలో శాస్త్రం, ఒక చేతిలో దుంప పట్టుకుని ఆయన కారెక్కాడు. కారు మలుపు తిరిగిందో లేదో, అరవై గొంతులూ పాటెత్తుకున్నాయి. కోళ్లావిడ నూనెడబ్బా బోర్లించి దరువేసింది.

"వదినా, ఉప్పు సంగతి నిజంగా మొహం చూసే కనిపెట్టావా?" అంది డోరిన్.

ఆగ్నెస్ పొయ్యిలో కట్టె ఎగదోసింది.

"ఆ జీపు ఆయనదే."