పచ్చలైటు

తెర మీద ట్రాక్టరు మాయమైంది. లైటు మాత్రం పచ్చగానే ఉంది.

శివ తెరకు దగ్గరగా జరిగాడు.

కొత్తూరులో ఒక పాత గోదాము ఆవరణలో ఒక ట్రాక్టరు, ఒక లారీతో ప్రయోగం నడుస్తోంది. శంషాబాద్ విమానాశ్రయంలో సామాన్ల బండ్లు గుద్దుకోకుండా హెచ్చరించే ప్రోగ్రాం అది. ఎక్కడుందో చెప్పేందుకు బండికో యంత్రం బిగిస్తారు. తెర మీద ఒక్కో బండి ఒక్కో దీర్ఘచతురస్రం. ఆఫీసులో అందరూ డబ్బా అంటారు. రెండు డబ్బాలు తగిలితే తెర మీదా, బండ్లలోనూ ఎర్రలైటు, లేకపోతే పచ్చలైటు.

ప్రోగ్రాం రాసిన రెబెక్కా నెల రోజులుగా మొత్తుకుంటూనే ఉంది.

"సార్, యంత్రం ఆగితే డబ్బా ఖాళీ అయితది, తెర మీద కనవడది. ఖాళీ డబ్బా దేనికీ తగలదని మనం వాడే రెడీమేడ్ గ్రాఫిక్స్ కోడు లెక్క. బండి ఎదురుంగనే ఉన్నా పచ్చలైటే ఉంటది."

"ఖాళీ డబ్బాకు గింత పరేషానేంది? ఎల్లుండి ఎయిర్‌పోర్టుకు ఇచ్చేద్దాం," అని కొట్టిపారేశాడు శివ. కంపెనీ అతనిదే మరి.

ఇప్పుడు మాయమైంది రెబెక్కా తండ్రి ప్రేమయ్య నడిపే ట్రాక్టరు. ఎక్కడుందో తెలియదు. అటు కుర్మయ్య నడిపే లారీ వెనక్కి వస్తోంది. "అద్దం చూడకు, లైటే చూడు" అని అతనికి చెప్పిందీ శివే.

"నాన్నా!" అని అరిచి రెబెక్కా ముఖం కప్పుకుంది. కుర్చీలోంచి లేవలేదు. పాపం, కాళ్ళు చచ్చుబడ్డాయనుకున్నాడు శివ.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాడు.

"కుర్మన్నా, ఆపు! బ్రేకెయ్!"

లారీ ఆగింది. చుట్టూ దుమ్ము. చక్రాల కింద చూడాలంటే ప్రాణం పోతోంది. ప్రేమయ్య మొన్న క్రిస్మస్‌కు ఇంటికి పిలిచి కొసరి కొసరి వడ్డించిన మనిషి. వంగాడు. కింద ఎవరూ లేరు.

ట్రాక్టరు దూరంగా గోడవార ఆగి ఉంది. ఆ నీడలో ప్రేమయ్య, ఒళ్ళో స్టీలు టిఫిను.

"ఇంజను జర కొట్టుకుంటుండె సారూ. గందుకే పక్కకు పెట్టిన."

శివ అతని చేతులు పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. వెనకే వచ్చిన రెబెక్కాతో, "నువ్వు జెప్పిందే నిజం. ఇది సరిజేసేదాంక ఎయిర్‌పోర్టుకు పంపేది లేదు. ఎవలడిగినా నేను జెప్పుకుంట," అని, ముఖం కడుక్కోవడానికి నల్లా దగ్గరికి వెళ్ళాడు.

అతను అటు వెళ్ళగానే ప్రేమయ్య టిఫిను మూత తెరిచి, కూతురు చెప్పినట్టే ట్రాక్టరు నుంచి ఊడదీసి లోపల దాచిన యంత్రాన్ని ఆమె చేతిలో పెట్టి, "ఇగ తీస్కో బిడ్డా, నేను రొట్టె తింట," అన్నాడు.