రాతపూర్వకంగా ఫిర్యాదు

“ముందు ఆ ఫైలు మీంచి చెయ్యి తియ్యవయ్యా!”

వేదవతి అరుపుకి భవానీపూర్‌లోని ఆ ప్రైవేటు ఆసుపత్రి హాలంతా తిరిగి చూసింది.

ముసలాయన చెయ్యి తీశాడు. అరిగిపోయిన చెప్పులు, చంకలో ఒక ప్లాస్టిక్ సంచీ.

“ఫోన్లో తెలుగు మాటాడుతుంటే విని వచ్చేనమ్మా. నా పేరు నాగయ్య. ఆ కాయితం మీద అప్పుడే సంతకం పెట్టకండి. ఏటి రాసుందో చదివేరా?”

చదవలేదు. చదివే తీరిక ఎక్కడిది? యాత్రకొచ్చిన ఈ ఊళ్ళో, పొద్దున్న హౌరా రేవులో లాంచీ దిగుతుంటే భర్త శ్యామసుందర్ గుండె పట్టుకుని కూలబడ్డాడు. టాక్సీలో ఇక్కడికి తెచ్చింది. రక్తనాళం మూసుకుపోయింది, స్టెంటు వెయ్యాలన్నారు. అయితే ఇన్సూరెన్సు అనుమతి వస్తేనే మొదలెడతారట.

ఇన్సూరెన్సు వేదవతిది. ముప్పై మూడేళ్ళు బ్యాంకులో చేసి, విజయనగరంలో మేనేజరుగా రిటైరైంది. రిటైరైన వాళ్ళకీ, వాళ్ళ ఇంటివాళ్ళకీ దేశంలో ఎక్కడైనా చెల్లుతుందని కార్డు వెనక అచ్చేసి మరీ ఇచ్చారు.

నాగయ్య గొంతు తగ్గించాడు.

“‘ముందుగా అనుకున్న చికిత్స’ అన్న గడిలో టిక్కు పెట్టేడమ్మా ఆ కౌంటరు బాబు. అంబులెన్సులో రాని వాళ్ళందరికీ అలాగే పెట్టేస్తాడు. మీరు సొంత రాష్ట్రంలో లేరు కదా. ప్రయాణంలో ఉన్నవాళ్ళు పదిహేను రోజుల ముందు రాసి అనుమతి తీసుకోవాలంటాది కంపెనీ. ఎమర్జెన్సీకయితే అక్కర్లేదు. ఆ ఒక్క మాట డాక్టరు చేత రాయించండి. రండి, నేను చూపిస్తాను.”

వేదవతి కళ్ళు గోడ మీది బోర్డు మీద పడ్డాయి. ‘దళారులున్నారు, జాగ్రత్త’ అని మూడు భాషల్లో ఎర్రటి అక్షరాలు. నిన్ననే గుడి దగ్గర ఒకడు, తొందరగా దర్శనం చేయిస్తానని తెలుగులోనే నమ్మించి, డబ్బు తీసుకుని మాయమయ్యాడు.

“ఎంత కావాలి నీకు?”

“ఏటమ్మా?”

“అదే, కమీషను! ముప్పై మూడేళ్ళు బ్యాంకులో చేశాను. నాకు ఫారాలు నేర్పుతావా?”

“డబ్బులొద్దు తల్లీ. మీ ఆయనకి టైము లేదు.” మళ్ళీ ఫైలు అందుకోబోయాడు.

“సెక్యూరిటీ!”

గార్డు పరిగెత్తుకొచ్చి ముసలాయన రెక్క పట్టుకున్నాడు. వెనకే ఆసుపత్రి మేనేజరు కూడా వచ్చాడు, ఫిర్యాదుల పుస్తకం పట్టుకుని మరీ.

“రాతపూర్వకంగా ఇవ్వండి మేడమ్,” అన్నాడు ఎంతో వినయంగా.

ఫారం చదవడానికి లేని తీరిక, ఫిర్యాదు రాయడానికి మాత్రం ఎక్కణ్ణుంచో వచ్చింది. కోపం అలాంటిది. రోగుల్ని మోసగిస్తున్న దళారి అని, తప్పుల్లేని ఇంగ్లీషులో పేజీ నిండా రాసి, కింద తేదీ, టైము కూడా వేసింది.

తర్వాత ఫారం మీద సంతకం పెట్టింది, చదవకుండానే. చదవకుండా సంతకం పెట్టొద్దని ముప్పై మూడేళ్ళు ఖాతాదారుల్ని కసిరిన మనిషి!

గార్డు గుమ్మం దాటిస్తుంటే కూడా నాగయ్య వెనక్కి తిరిగి అరిచాడు.

“ఎమర్జెన్సీ అని రాయించండమ్మా!”

రెండు గంటల తర్వాత ఇన్సూరెన్సు కంపెనీ జవాబొచ్చింది. ముందస్తు అనుమతి లేదు కాబట్టి కుదరదట.

వేదవతి ఫోన్లో విరుచుకుపడింది.

“మనిషి నడి రేవులో పడిపోయాడయ్యా! గుండెపోటు పదిహేను రోజుల ముందు ఉత్తరం రాసి వస్తుందా?”

“సారీ మేడమ్. ఫారంలో అలా లేదు. మీరే సంతకం చేశారు.”

నాలుగుసార్లు చేసింది. నాలుగు గొంతులు, అదే ముక్క.

ఆ టిక్కు దిద్దిద్దామంటే డాక్టరు వేరే ఆపరేషన్లో ఉన్నాడు. కౌంటరు బాబు భోజనానికి పోయాడు. డిపాజిట్ కడితే మొదలెడతామన్నారు. చుట్టాలకి ఫోన్లు చేసి ఆ డబ్బు సర్దేసరికి సాయంత్రం ఆరైంది.

స్టెంటు వేశారు. శ్యామసుందర్ బతికాడు.

“మధ్యాహ్నం లోపల వేసుంటే గుండె దెబ్బ తినేది కాదు. ఇప్పుడు సగమే పనిచేస్తోంది. ఇక మెట్లు ఎక్కకూడదు, ప్రయాణాలు చెయ్యకూడదు,” అన్నాడు డాక్టరు.

ఇన్సూరెన్సు డెస్కుకి సాయంత్రం డ్యూటీ మీద శ్రీజ వచ్చింది. హౌరా పక్కన లిలువాలో పుట్టి పెరిగిన తెలుగు పిల్ల. ఫైలు తిరగేసి ఆశ్చర్యపోయింది.

“ఆంటీ, ఇవాళ నాగయ్య తాతగారు రాలేదా? ఇలాంటివి ఆయన ఐదు నిమిషాల్లో సరిచేయించేస్తారు.”

వేదవతి ఆ ఫైలు మూసేసింది.

“దళారి అనుకున్నాను. గెంటించాను. రాసి కూడా ఇచ్చాను.”

శ్రీజ మొహం జేవురించింది.

“ఎంత పని చేశారాంటీ! ఆయన అందరికీ ఇన్సూరెన్సు ఇప్పించేస్తుంటే డిపాజిట్లు రావట్లేదని మా మేనేజరు ఎప్పట్నించో బయటికి పంపాలని చూస్తున్నాడు. పేషెంట్ల వాళ్ళు ఒక్కరూ ఆయన మీద రాసివ్వలేదు. ఇవాళ మీరిచ్చారు. ఇక ఆయన్ని గేటు లోపలికి రానివ్వరు.”

“డబ్బు తీసుకోడా? మరెందుకొస్తాడమ్మా రోజూ?”

“మూడేళ్ళ కిందట వాళ్ళావిడతో శ్రీకాకుళం నుంచి లిలువాలో కూతుర్ని చూడ్డానికి వచ్చేరు. ఆవిడకి ఉన్నట్టుండి బాగోలేక ఇక్కడికే తెచ్చేరు. ఇదే టిక్కు, ఇదే పదిహేను రోజుల రూలు. అనుమతి కోసం చూస్తూ చూస్తూ ఆవిడ పోయారు.”

వేదవతికి ఒళ్ళు మండిపోయింది. పొద్దుటి నుంచీ ఎవరి మీద చూపించాలో తెలియని కోపమంతా ఒక్కసారి బయటికొచ్చింది.

“ఆ రూలు రాసినవాడి చేతులు పడిపోను!”

శ్రీజ తల వంచుకుంది.

“ఆయనే ఆంటీ, ఆ ఇన్సూరెన్సు కంపెనీలో పెద్దాఫీసరుగా ఉన్నప్పుడు ఆ రూలు రాసింది నాగయ్య తాతగారే.”