రెండో ముగింపు

ప్రివ్యూ గదిలో లైట్లు వెలిగాయి. గని సమ్మెలో పోలీసు తూటాకు కొడుకును పోగొట్టుకున్న తల్లి కొన్సుయేలో కళ్లు తుడుచుకుంది. ఆమె కథను సినిమాగా తీసిన హాలీవుడ్ దర్శకుడు లోరింగ్ పక్కనే కూర్చున్నాడు.

"ఒక్క అబద్ధం లేదమ్మా. చివర్లో మీవాడు బతికి ఇంటికొచ్చినట్టు స్టూడియోవాళ్లు నాచేత ఇంకో ముగింపు తీయించారు. అదే పెడితే టైటిల్స్‌లో నా పేరు తీసేయమన్నా. దెబ్బకి దిగొచ్చారు!"

"అందులో వాడేం చేస్తాడు బాబూ?"

"తలుపు తోసుకొచ్చి, 'అమ్మా, ఆకలేస్తోంది' అంటాడు. పచ్చి మోసం."

కొన్సుయేలో అతని చెయ్యి పట్టుకుంది.

"వాడు చచ్చిపోవడం నేను చూసిందేగా. ఆ ముక్క ఒక్కసారి చూపించు బాబూ, నీకు పుణ్యముంటుంది."

లోరింగ్ తల వంచుకున్నాడు. మళ్లీ ఎవరూ అతికించకుండా, ఆ రీలును పొద్దున్నే తన చేత్తోనే తగలబెట్టి వచ్చాడు.